చీకటి మూలలో తెలిసిన మొహం

భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. కళ్ళూ ముక్కూ కిరీటం ఏవీ గీయకుండా వట్టి నల్లటి నీడగా ఆ రాజు బొమ్మ వేసి చూపించండి. చందమామ చదివి పెరిగిన తెలుగువాడు విక్రమార్కుడని చెప్పి ఊరుకోడు, "శంకర్ బొమ్మ" అని కూడా అంటాడు. కె.సి. శివశంకరన్ అనే ఆ తమిళ చిత్రకారుడు దశాబ్దాల పాటు బేతాళ కథలకు గీసిన బొమ్మ అది. 2020లో 90 ఏళ్ళు దాటాక ఆయన కన్నుమూశారు, మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు అవే కథలకు చిత్రా అనే మరో చిత్రకారుడు గీసేవారని గుర్తున్నవాళ్ళు ఇప్పుడు తక్కువ. నెలనెలా ఒకే నడక, ఒకే బరువు చూసీ చూసీ ఆ భంగిమ పాఠకుడి కంట్లో ముద్రపడిపోయింది. ఇప్పుడు ఎవరు ఎవరిని భుజాన మోస్తున్నట్టు గీసినా బేతాళుడు గుర్తొస్తాడు. తెలుగు పత్రికల రాజకీయ కార్టూన్లు ఎన్నిసార్లు ఈ భంగిమ మీద బతికాయో లెక్కలేదు.

దయ్యాల బొమ్మల కథల్లో పాత సినిమాలనీ, పాత పత్రికలనీ, పాత చిత్రకారులనీ తలుచుకుంటూ గుర్తులు దాచిపెట్టే అలవాటు ఈ తరం అభిమానులది అనుకుంటాం. ఇంటర్నెట్టులో వాళ్ళు గీసే కామిక్కుల్లో ఇది ముదిరి పాకాన పడిన మాట నిజమే. ఫిలిప్పీన్స్‌కు చెందిన బ్లీడ్‌మ్యాన్ అనే చిత్రకారుడి 'గ్రిమ్ టేల్స్' వాటిలో బాగా పేరున్నది. టీవీ కార్టూన్లలోని యమదూత లాంటి గ్రిమ్‌నూ, మ్యాండీ అనే మొండి పిల్లనూ తీసుకుని, వాళ్ళకు పెళ్ళై పిల్లలు పుడితే ఎలా ఉంటుందని అల్లిన కథ అది. చదివేవాడికి సగం సరదా కథలో ఉంటే, మిగతా సగం ఏ కార్టూన్ పాత్ర ఏ మూల నక్కిందో వెతకడంలో ఉంటుంది. పద్ధతి మాత్రం కొత్తది కాదు, మన ఇళ్ళల్లో అటకమీద పాత సంచికల్లోనే ఉంది.

దీన్ని సూరత్‌లో కూర్చుని ఆలోచిస్తే ఇంకో సంగతి తేలుతుంది. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో మరమగ్గాల మీద బతికే మన తెలంగాణ పద్మశాలీల పక్క వీధుల్లో గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికులుంటారు, ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలుంటారు. ఊరి మున్సిపల్ పాఠశాలల్లో గుజరాతీతో పాటు తెలుగు, ఒడియా, మరాఠీ, ఉర్దూ మాధ్యమాలూ నడుస్తాయి. ఆ వీధిలో బేతాళుడి బొమ్మ ఒకటి గోడకు అతికిస్తే అందరూ గుర్తుపడతారు, కానీ ఒకే బేతాళుణ్ణి కాదు. తెలుగు తాతకు చందమామ. కొంకణ్ వైపు చుట్టరికం ఉన్న మరాఠీకి వేతాళుడు ఊరి పొలిమేర కాచే దేవుడు, వేతోబా అని గుడి కట్టి మొక్కుతారు. ఒడియా మనిషికి భువనేశ్వర్‌లో 8వ శతాబ్దపు బైతాళ దేవుళం, లోపల కపాలమాలతో కూర్చున్న చాముండ. గుజరాతీ ఇంట్లో 18వ శతాబ్దపు శామళ్ భట్ చెప్పిన వేతాళ్ పచీసీ. ఇవేమీ తెలియకపోయినా 1985లో దూరదర్శన్ చూసినవాళ్ళకు రామానంద్ సాగర్ 'విక్రమ్ ఔర్ బేతాళ్' ఉండనే ఉంది. అందులో విక్రముడైన అరుణ్ గోవిల్ రెండేళ్ళకు అదే సాగర్ 'రామాయణ్'లో రాముడయ్యాడు. ఆ ధారావాహిక చిత్రీకరణ జరిగిన ఉమర్‌గావ్, సూరత్ నుంచి బొంబాయి వెళ్ళే దారిలోనే వస్తుంది. హిందీ ఇంద్రజాల్ కామిక్స్ మోజులో పెరిగిన కుర్రాడికి మాత్రం వేతాళ్ అంటే ముసుగు కట్టుకుని, కపాలం గుర్తున్న ఉంగరంతో దొంగల దవడ మీద ముద్రవేసే అడవి వీరుడు ఫాంటమ్. అంటే గుర్తును దాచేది చిత్రకారుడే అయినా అది బయటపడేది చూసేవాడి జ్ఞాపకంలోంచి. బొమ్మలో పెట్టింది ఒకటే, ఆ వీధిలో దొరికేవి ఆరు.

ఈ కథకున్న వంశవృక్షం కూడా దాగుడుమూతల వంశమే. శాతవాహనుల కాలంలో గుణాఢ్యుడు పైశాచీ భాషలో బృహత్కథ రాశాడంటారు. ఆ గ్రంథం దొరకలేదు. 11వ శతాబ్దంలో కాశ్మీరపు సోమదేవుడు కథాసరిత్సాగరంలో దాన్నే సంస్కృతంలో తిరగచెప్పానన్నాడు. అందులో శవాన్ని మోసే రాజు పేరు త్రివిక్రమసేనుడు. జనం నోట్లో ఆయన ఉజ్జయిని విక్రమార్కుడయ్యాడు. 15వ శతాబ్దంలో కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికతో, జక్కన విక్రమార్క చరిత్రతో ఆ రాజును తెలుగు పద్యంలో కూర్చోబెట్టారు. ఇలా పోయిన పుస్తకం ఒకటి కొత్త ఒంట్లో దూరి మాట్లాడుతూ వచ్చింది. దయ్యాల కథకు ఇంతకంటే తగిన పుట్టుక ఉండదు.

చందమామ చేసిన పని మరీ గడుసుది. మూలంలో ఉన్నవి పాతిక కథలు. చివరి ప్రశ్నకు రాజు జవాబు చెప్పలేక మౌనంగా ఉండిపోతాడు, బేతాళుడు మెచ్చి, శవాన్ని తెమ్మని పంపిన భిక్షువు కుట్ర బయటపెడతాడు, కథ కంచికి వెళుతుంది. చందమామలో రాజుకు జవాబు తెలియని రోజు రాలేదు. పాతిక కథలు అయిపోయినా చట్రం అలాగే ఉంచి, లోపల కొత్త కథలు పోశారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది, మార్క్సిస్టు. దయ్యాలను బొత్తిగా నమ్మని మనిషి నెలనెలా శవం చేత కథ చెప్పించాడు, ధర్మసందేహం అడిగించాడు. లోపలి కథలు ఎక్కడెక్కడివో. అదే పత్రికలో హోమరు ఒడిస్సీ 'రూపధరుడి యాత్రలు'గా, ఇలియడ్ 'భువనసుందరి'గా వచ్చాయి. పల్లెటూరి పిల్లవాడు గ్రీకు ఓడలెక్కి తిరిగి కూడా తను గ్రీసు వెళ్ళానని ఎరగడు. పెద్దయ్యాక హోమరు పేరు విన్నరోజు "ఇది నేను చదివిందే" అనుకుంటాడు. ఆ క్షణం కోసమే ఈ దాచడం అంతా.

కథకు కాపలాగా ఒక దయ్యాన్ని కూర్చోబెట్టే ఈ చట్రం అమెరికాలోనూ ఉంది. 1950లో ఇ.సి. కామిక్స్ వారు మొదలుపెట్టిన 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్'లో క్రిప్ట్ కీపర్ అనే వికారపు ముసలాడు కథలకు ముందుమాట చెబుతాడు. మన బేతాళుడికి అతను దూరపు చుట్టంలా ఉంటాడు. మనవాడే మేలని నా పక్షపాతం. అతను వెక్కిరించి పోతాడు. మనవాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకపోతే తల పగులుతుంది.

సినిమా వైపు చూస్తే ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఒకే ఇంట్లో జరిగింది. చందమామ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణులే విజయా సంస్థ యజమానులు. 1951లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వారు తీసిన 'పాతాళభైరవి' కాశీ మజిలీ కథల ఛాయలో పుట్టి, అల్లావుద్దీన్ దీపాన్ని కలుపుకుంది. నేపాళ మాంత్రికుడి వేషంలో ఎస్వీ రంగారావు షేక్స్‌పియర్ షైలాక్ తీరు కొంత కలిపారని సినీ చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. తెలుగు మాంత్రికుడి గెడ్డంలో వెనిస్ వడ్డీ వ్యాపారి దాక్కున్నాడన్నమాట. తెలియనివాళ్ళను ఆ మాంత్రికుడు తక్కువ భయపెట్టాడా? లేదు. ఇక్కడే గట్టి కొలమానం దొరుకుతుంది: దాచిన గుర్తు తెలియనివాడికి కథగా పనిచెయ్యాలి, తెలిసినవాడికి అదనంగా ఒక పేరు గుర్తుచెయ్యాలి.

1994 నాటి 'భైరవద్వీపం' ఆ కొలమానానికి నిలబడ్డ సినిమా. తీసింది నాగిరెడ్డి కుటుంబమే, చందమామ విజయా కంబైన్స్ పేరుతో. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు కె.వి. రెడ్డి దగ్గర పని నేర్చుకున్నవాడు. పేరులోని భైరవుడు మొదలు మాంత్రికుడు, రాజకుమారి, సాహసి అయిన యువకుడి దాకా పాతాళభైరవి నీడ కనిపిస్తూనే ఉంటుంది. పాత సినిమా చూడని పిల్లలకు మాత్రం అది కొత్త కథే. గురువుకు దణ్ణం పెట్టడంలో ఇంత మర్యాద ఉండాలి, ఎవరినీ ఆపి మరీ చూపించకూడదు.

దర్శకుడు విఠలాచార్య దారి వేరు. ఆయన మర్యాద పాటించలేదు, అవసరమూ లేదు. 1978 నాటి 'జగన్మోహిని'లో పొయ్యిలోకి కట్టెలకు బదులు తన కాలే పెట్టి వంటచేసే దయ్యాన్ని చూపించాడు. ఆ ఒక్క దృశ్యం తెలుగువాళ్ళ ఉమ్మడి ఆస్తి అయిపోయింది. బొమ్మల కథలో ఎక్కడైనా కొత్తకోడలు పొయ్యి ముందు కూర్చుని ఉంటే, చీరకుచ్చిళ్ళ కింద ఒక్క పాదమే కనిపిస్తే చాలు. మంట గీయక్కర్లేదు. భయపడాలా నవ్వాలా అనే ఆ చిన్న తడబాటే దయ్యాల కామిక్కుకు పట్టుగొమ్మ. ఈ మధ్య సినిమాల్లోనూ ఆ వాసన పోలేదు. 2021 నాటి 'జాంబీ రెడ్డి' రాయలసీమ కక్షల సినిమాల హంగునంతా తీసుకెళ్ళి విదేశీ జాంబీల మధ్య పారేసింది. 2017 నాటి దయ్యాల హాస్యచిత్రం 'ఆనందో బ్రహ్మ' యండమూరి నవల పేరు పెట్టుకుంది. పేరు అరువు తెచ్చుకోవడం అన్నిటికంటే తేలిక, అందుకే దానికి నేను పెద్ద మార్కులు వెయ్యను.

గీత దగ్గరికి వస్తే మెళకువలు ఎక్కువ. అమెరికా 'మ్యాడ్' పత్రికలో 1950లలో విల్ ఎల్డర్ అనే చిత్రకారుడు ముందున్న పాత్రల వెనక గోడల మీద, బోర్డుల మీద, చెత్తబుట్టల్లో చిల్లర హాస్యాలు కుక్కేవాడు. వాటిని ఆయన సూపు మీద తేలే కోడికొవ్వుతో పోల్చాడు: ఒంటికి మంచిది కాదు, రుచి మాత్రం దానిదే. అల్ హిర్ష్‌ఫెల్డ్ 1945లో కూతురు నీనా పుట్టాక ఆ పేరును తన రేఖాచిత్రాల్లో జుట్టు పాయల్లోనో చొక్కా మడతల్లోనో దాచడం మొదలుపెట్టాడు. సంతకం పక్కన అంకె వేసి ఎన్నిసార్లు దాచాడో చెప్పేవాడు కూడా. నవ్వించే బొమ్మల్లో ఇది ఆట. దయ్యాల బొమ్మలో ఇదే పని భయం పెంచుతుంది. చీకటి గది గీస్తే పాఠకుడు మూలలు వెతుకుతాడు, ఎందుకంటే అక్కడ ఏదో ఉంటుందని అతనికి ముందే అనుమానం. మామూలు కథలో ఎవరూ చూడని గోడ దయ్యాల కథలో అందరూ చూసే గోడ. దాచడానికి ఇంత అనువైన చోటు వేరే ఏ రకం కథలోనూ లేదు.

జపాన్‌లో షిగెరు మిజుకీ 1960 నుంచి గీసిన కితారో కథలు ఈ విద్యకు పెద్ద బాలశిక్ష. శ్మశానంలో పుట్టిన ఒంటికన్ను పిల్లవాడు కథానాయకుడు, తండ్రి వట్టి కనుగుడ్డు. అందులో తిరిగే భూతాలు చాలావరకు 1776లో తొరియామా సెకియెన్ అచ్చువేసిన భూతాల బొమ్మల పుస్తకం నుంచి దిగినవి. మిజుకీ వాటిని నకలు చేసి వదిలెయ్యలేదు. కొన్నిచోట్ల పాత బొమ్మ భంగిమ ఉంచి, దానికో స్వభావం, ఆకలి, ఊరు ఇచ్చాడు. జపాన్ పిల్లలు ఇప్పుడు ఆ భూతాలను మిజుకీ గీసినట్టే ఊహించుకుంటారు. సెకియెన్ పేరు తెలుసుకోవాలనుకున్నవాడు వెనక్కి నడిచివెళ్ళే దారి మాత్రం ఆ బొమ్మల్లో అలాగే ఉంది.

ఫోను తెర ఈ మెళకువల్ని మార్చేసింది. అచ్చు పుటలో ఆరు గడులు ఒకేసారి కనిపిస్తాయి, కన్ను వెనక్కి పోయి పోల్చుకుంటుంది. తెరమీద వేలితో పైకి తోస్తూ పోతే ఒక గడి వచ్చేసరికి ముందుది మాయమవుతుంది. 2011లో కొరియా చిత్రకారుడు హొరాంగ్ 'బొంగ్‌చొన్-డొంగ్ దయ్యం'లో ఆ తోయడాన్నే ఆయుధం చేసుకున్నాడు. పాఠకుడు మెల్లగా కిందికి దిగుతుండగా బొమ్మ దానంతటదే పరుగెత్తి దయ్యం మెడ తిప్పి మీదికొస్తుంది. అప్పటినుంచి నిలువు కామిక్కులు గీసేవాళ్ళు గడుల మధ్య పొడవాటి నలుపును వట్టి ఖాళీగా వదలడం లేదు. అభిమానుల కామిక్కులో గుర్తు దాచడానికి అది మంచి చోటు, కానీ జాగ్రత్త కావాలి. నలుపులో శంకర్ శ్మశానం కనిపించి మాయమైతే రుచి. అక్కడే ఆగి వివరణ రాస్తే దయ్యం పోయి పాఠం మిగులుతుంది.

సూరత్‌లో ఎవరైనా ఇలాంటి కథ గీయబోతే సరుకు వెతుక్కోనక్కర్లేదు. తాపీ ఒడ్డున అశ్వినీకుమార్ శ్మశానం దగ్గర మూడాకుల మర్రి ఉంది. కర్ణుడికి అంత్యక్రియలు ఇక్కడే జరిగాయని, ఆ చెట్టుకు మూడు ఆకులే నిలుస్తాయని స్థలపురాణం. కథలో ఎక్కడో ఒక గడి చివర, ఎవరూ పట్టించుకోని పగిలిన గట్టుమీద మూడాకుల మొక్క ఒకటి గీస్తే చాలు, సూరత్ మనిషి ఉలిక్కిపడతాడు. తెలుగువాడికి అదే గడిలో ఒక చెవి కుండలం కూడా పడేస్తే 'దానవీరశూరకర్ణ' నాటి రామారావు తలపుకొస్తాడు. ఊరికి నైరుతిన డుమస్ తీరం ఉంది, అక్కడి ఇసుక నల్లన. ఒకప్పుడు అక్కడ శవాలు కాల్చేవారని, రాత్రిపూట పిలుపులు వినిపిస్తాయని ఊళ్ళో చెప్పుకుంటారు. ఇసుకను నల్లగా చేసింది అందులోని ఇనుప ఖనిజమే. తెల్ల కాగితం మీద నల్ల ఇసుక గీయడం మాత్రం చిత్రకారుడికి పండగ.

అన్నిటికంటే నాకు నచ్చేది రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో బేళ్ళు మోసే కూలీ. భుజాన మూట, రెండు కొసలూ వేలాడుతూ, ముందుకు వంగిన నడక. కత్తి లేదుగానీ నీడ మాత్రం విక్రమార్కుడిదే. ఆ మూట నోరు విప్పి కథ చెప్పడం మొదలుపెడితే, చివర ప్రశ్న అడిగితే, జవాబు చెప్పగానే తిరిగి గోదాములోకి ఎగిరిపోతే? పన్నెండు గంటల పాళీ అయ్యాక మళ్ళీ అదే మూట మోసే మనిషికి ఈ చట్రం పురాణం కాదు, దినచర్య. పాత బొమ్మను తలుచుకుంటూనే ఊరి సంగతి చెప్పే వీలు ఇక్కడ దొరుకుతుంది. గుర్తు కథ బరువు మొయ్యడమంటే ఇదే.

ఈ ఊరికి పిల్లల పుస్తకాల వారసత్వం కూడా చిన్నది కాదు. ఇక్కడి గాండీవ్ పత్రికలో 1936 నుంచి హరిప్రసాద్ వ్యాస్ రాసిన బకోర్ పటేల్ అనే మేక పెద్దమనిషి కథలు తరాల గుజరాతీ పిల్లల్ని నవ్వించాయి. దయ్యాల కథలో, శ్మశానం పక్క టీకొట్టు బల్లమీద పంచె కట్టిన మేక ఒకడు పత్రిక చదువుతూ కనిపిస్తే సూరత్ తాతలు పెన్ను పెట్టి చుట్టేస్తారు. మన తెలుగు పిల్లలకు అది ఉత్త విచిత్రమైన మేక. అదీ బాగానే ఉంటుంది, శ్మశానం పక్క మేక పేపరు చదివితే ఎవరికైనా గగుర్పాటే కదా.

జబ్బులూ ఉన్నాయి. అభిమానం పొంగిపోయి ప్రతి గడినీ నింపేస్తే కథ నడవదు. సమాధి రాళ్ళన్నిటి మీద సినిమా పేర్లు, కాకులన్నిటికీ హీరోల మీసాలు పెడితే పాఠకుడు చదవడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెడతాడు. లెక్కపెట్టేవాడికి భయం వెయ్యదు. రెండో జబ్బు నకలు. కథ సోమదేవుడిది కూడా కాదు, అందరిదీ. ఎవరైనా బేతాళుణ్ణి గీసుకోవచ్చు. శంకర్ గీసిన గీత మాత్రం ఆయన చేతిది. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం కృతికర్త మరణించాక 60 ఏళ్ళదాకా రక్షణ ఉంటుంది, అంటే 2080 చివరి వరకు. ఆ బొమ్మను కత్తిరించి అతికించి "నివాళి" అని కింద రాస్తే అది నివాళి కాదు. ఆ భంగిమను మన కంటితో మళ్ళీ గీయాలి. మోసే చెయ్యి మనదై ఉండాలి.

పాత చందమామలో పేర్ల సంగతి చూస్తే ఈ దాచడానికి ఇంకో ఉపయోగం కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి పత్రికను తీర్చిదిద్దిన కుటుంబరావు పేరు సంపాదకుడిగా అచ్చుకాలేదు, అక్కడ చక్రపాణి పేరుండేది. 'తోకచుక్క' మొదలుకొని మాంత్రికులు, రాక్షసులు, పాడుబడ్డ కోటలతో తెలుగు పిల్లలకు నిద్రపట్టనివ్వని ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు కూడా వాటి మీద కనిపించేది కాదు. ఆయన ఎవరో చాలామంది పాఠకులకు తెలిసింది 2010లో ఆయన పోయే కాలానికి, అదీ ఆ సీరియళ్ళ పిచ్చి వదలని అభిమానులు తవ్వి తీసి చెబితే. అచ్చులో పడని పేరును ఇప్పుడు బొమ్మలో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దారి తప్పిన బాటసారి ఆగే ఊరికి దాసరివారిపాలెం అని మైలురాయి మీద రాయవచ్చు. రాజుకు ధర్మశాస్త్రం చెప్పే ముసలి మంత్రికి కుటుంబరావు కళ్ళజోడు పెట్టవచ్చు. ఇంద్రజాలపు కోట గోడల రంగులు చిత్రా వేసిన రంగులకు దగ్గరగా కలపవచ్చు.